ఫ్యామిలీ మెడిసిన్ రొటేషన్‌కు వచ్చే రెసిడెంట్ ఏం చేయాలి, ఎలా చేయాలి

జనరల్ మెడిసిన్ నుంచో సర్జరీ నుంచో ఫ్యామిలీ మెడిసిన్‌కు, అంటే వయసు, జబ్బు తేడా లేకుండా అందరినీ చూసే విభాగానికి, వచ్చిన రెసిడెంటుకు (ఆస్పత్రిలో పనిచేస్తూ పీజీ చదివే డాక్టరుకు) మొదటి వారం కాళ్లూ చేతులూ ఆడవు. ఆ విభాగాల్లో ఎవరు ఎవరి పేషెంటో వార్డు బయటి బోర్డే చెప్పేస్తుంది. ఇక్కడ ఒకే పొద్దున కళ్యాణదుర్గం నుంచి కాళ్ల మంటలతో ఒక రైతు వస్తాడు. ఆయన వెనకాలే ఆరో నెల గర్భిణి, ఆమె వెనక బేదులతో వాడిపోయిన రెండేళ్ల బిడ్డ, చివర్లో "ఒళ్లంతా నొప్పులు, సూది వెయ్యి సామీ" అనే అవ్వ. ఈ జబ్బులన్నీ మీరే నయం చేసేయాలని ఎవరూ అనుకోరు. మీ దగ్గర ఆశించేది ఇంతే: పేషెంటు మీ ముందు నుంచి లేచేలోపు, ఈ మనిషిని తర్వాత ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, దేనికోసం చూస్తారు అన్న మూడింటికీ కాగితం మీద జవాబు ఉండాలి. ఈ మూడు రాయడం అలవాటైతే మిగతా పని చాలావరకు దానంతట అదే దారిలో పడుతుంది.

ఈ రొటేషన్‌కు రెండు రకాల వాళ్లు వస్తారు. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల డీఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పీజీ) ఫ్యామిలీ మెడిసిన్ చేస్తున్నవాళ్లు ఒక రకం. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధన ప్రకారం మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేయాల్సిన ఎండీ, ఎంఎస్ పీజీలు రెండో రకం. ఓపీ గదిలో కూర్చున్నాక ఇద్దరి పనీ ఒకటే.

చేరేముందు

స్టెతస్కోపు ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు పెన్ టార్చి, మోకాలి సుత్తి, కొలత టేపు, పాదాల్లో కంపనం తెలుస్తోందో చూసే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, స్పర్శ తెలుస్తోందో చూసే 10 గ్రాముల మోనోఫిలమెంటు (సన్నటి నైలాన్ పోగు) తెచ్చుకోండి. చివరి రెండూ ఓపీలో అడిగితే దొరకవు, దొరికినా వంగిపోయి ఉంటాయి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరున్న సీలు చేయించుకోండి. మందుల చీటీ మీద జనరిక్ పేరు, వీలైతే పెద్దక్షరాల్లో, చదవగలిగేలా రాయాలన్నది నియమం. కింద సీలు, సంతకం, తేదీతోపాటు టైమూ ఉండాలి.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు (0, 1, 6 నెలలు) పూర్తయ్యాయో లేదో చూసుకోండి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ 10 యూనిట్లు దాటిందో లేదో పరీక్ష చేయించుకోవడం చాలామంది మరిచిపోతారు. సూది గుచ్చుకుంటే ఏం చేయాలో చేరిన రోజే తెలిసుండాలి. సబ్బూ నీళ్లతో కడగండి, పిండొద్దు. హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మందులు రాత్రిపూట ఎవరి దగ్గర తాళంలో ఉంటాయో మొదటి రోజే కనుక్కోండి. రాత్రి రెండింటికి వెతుక్కోవడం మొదలుపెడితే తెల్లారిపోతుంది.

పొద్దున రౌండ్స్

రౌండ్స్ తొమ్మిదికైతే మీరు ఎనిమిదికల్లా వార్డులో ఉండాలి. ముందు కేస్ షీటు దగ్గరికి కాదు, రాత్రి డ్యూటీ సిస్టర్ దగ్గరికి వెళ్లండి. "రాత్రి ఎవరు నిద్రపోలేదు? ఎవరి మూత్రం తగ్గింది? ఏ మందు స్టాకులో లేదు?" అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు కేస్ షీటులో ఎక్కడా కనిపించదు. మీరు సెఫ్ట్రియాక్సోన్ (యాంటీబయాటిక్ సూది) రాసిన పేషెంటుకు రెండు డోసులు పడలేదని అప్పుడే తెలుస్తుంది.

సీనియర్ ముందు ఒక్కో పేషెంటుకు మూడు నిమిషాలకు మించి తీసుకోవద్దు. పేరు, వయసు, ఊరు, చేరి ఎన్నో రోజు, ఒక్క వాక్యంలో సమస్య, నిన్నటి నుంచి ఏం మారింది, ఈరోజు ఏం చేయబోతున్నాం, ఇంటికి పంపడానికి ఏది అడ్డు. వరుస ఇదే. "రక్త పరీక్షలు పంపాం సార్" అని ఆపేస్తే అది ప్లాన్ కాదు. ఏ పరీక్ష, ఏ జవాబొస్తే ఏం మారుస్తారు అన్నది కూడా చెప్పాలి. ఏ జవాబొచ్చినా మీరు చేసేది మారదంటే ఆ పరీక్ష ఎందుకు రాశారని సీనియర్ అడుగుతారు. అడగాలి కూడా.

కేస్ షీటులో తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సంతకం, టైమ్ వేయండి. వైట్నర్ వద్దు, కాగితం అతికించడం వద్దు. మెడికో లీగల్ కేసు (పోలీసులకు తెలపాల్సిన కేసు) కోర్టుకెళ్తే ఆ షీటే మాట్లాడుతుంది.

ఓపీలో మొదటి రెండు నిమిషాలు

పేషెంటు కూర్చోగానే "ఏమైంది?" అని అడిగి ఆగండి. నిమిషం, నిమిషంన్నర మాట్లాడనివ్వండి, మధ్యలో ఆపొద్దు. తర్వాత వెంటనే "ఇంకేమన్నా ఉందా?" అనండి. ఈ ప్రశ్నను చీటీ రాసేశాక అడిగేవాళ్లే ఎక్కువ. అప్పుడు తలుపు దగ్గర నిలబడి "ఎదలో కూడా ఒకింత నొప్పి సార్" అని బయటపెడతారు, మీరు చీటీ చింపి మళ్లీ మొదలుపెట్టాలి.

సీమలో జనం చెప్పే మాటలకు చెవి అలవాటు కావాలి. "కండ్లు తిరుగుతున్నాయి" అంటే కంటి జబ్బు కాదు. అయితే తూలుడా, చుట్టూ ఉన్నవి తిరుగుతున్నట్టు ఉందా, లేచి నిలబడినప్పుడు కళ్లు చీకట్లు కమ్ముతున్నాయా అని విడదీసి అడగాలి. మూడోది అయితే పడుకోబెట్టి, నిలబెట్టి రెండుసార్లు బీపీ చూడండి. "నెమ్ము చేసింది" అంటే జలుబు నుంచి న్యుమోనియా దాకా ఏదైనా కావచ్చు. "తెల్లబట్ట" అని చెప్పడానికి వచ్చిన ఆడమనిషి ముందు నడుం నొప్పితోనే మొదలుపెడుతుంది. మొగుడో అత్తో పక్కనుంటే అసలు మాట బయటికి రాదు, పరీక్ష పేరు చెప్పి కాసేపు వాళ్లను బయట కూర్చోబెట్టండి. కర్నూలు, కడపల్లో ఉర్దూ, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం ముక్కలు ముక్కలుగా వచ్చినా చాలు, పని జరుగుతుంది. సరిగా అర్థం కాకపోతే తోడొచ్చిన పదేళ్ల పిల్లను దుబాసీ చేయొద్దు, ఆ భాష వచ్చిన సిస్టర్‌ను పిలవండి.

ఇక్కడికి రాకముందు చాలామంది ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని వస్తారు. "ఎందుకు పోయావు అక్కడికి?" అని గద్దిస్తే తర్వాత మీకేదీ చెప్పరు. "ముందు ఎక్కడ చూపించుకున్నావు పెద్దాయనా? ఏం రంగు మాత్రలిచ్చినారు? సంచిలో ఉన్నాయా?" అని మామూలుగా అడిగి సంచి బల్ల మీద కుమ్మరించమనండి. మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు అందులోనే బయటపడతారు. గుండ్రని ముఖం, పలచబడ్డ చర్మం, ఎందుకో అదుపు తప్పిన షుగరు కనబడితే అనుమానించండి. ఆ మాత్రను ఒక్కసారిగా ఆపొద్దు. వాంతులు, బీపీ పడిపోవడంతో తిరిగొస్తారు. ఎలా తగ్గించాలో సీనియర్‌తో మాట్లాడి రాసివ్వండి.

బీపీ, షుగరు: రోజూ చేసేదాంట్లోనే ఎక్కువ తప్పులు

బీపీ చూడటం మూడో ఏడాదిలోనే నేర్చుకున్నామనుకుంటారు. క్యూలో నిలబడి, మెట్లెక్కి వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, కాళ్లు వేలాడుతుండగా, జాకెట్టు చెయ్యి మీదనే కఫ్ చుట్టి, మాట్లాడిస్తూ చూస్తే వచ్చే అంకె ఎందుకూ పనికిరాదు. ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. వీపుకు ఆనుడు, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. అరగంట ముందు టీ, బీడీ లేకుండా ఉండాలి. కఫ్ లోపలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం దాకా రావాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది, లేని బీపీకి మాత్రలు మొదలవుతాయి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. మొదటిసారి వచ్చినవాళ్లకు రెండు చేతులూ చూడాలి.

బీపీ మాత్రలు వాడే పేషెంటును ఎండాకాలంలో తప్పక అడగాల్సింది నొప్పి మాత్రల సంగతి. టెల్మిసార్టాన్, మూత్రం వచ్చే మాత్ర రెండూ వాడుతూ, పొలంలో ఎండకు నీళ్లు తగ్గి, మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుని మింగినవాళ్ల కిడ్నీలు నాలుగైదు రోజుల్లో దెబ్బతినగలవు. క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) రాసేముందు ఈ ప్రశ్న అడగండి.

షుగరు జబ్బు అనాలంటే పరగడుపున 126, లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 6.5, లేదా గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 ఉండాలి. లక్షణాలేవీ లేకపోతే ఒక్క పరీక్షతో తేల్చేయకుండా రెండోది చేయించాలి. తిండి గురించి చెప్పేటప్పుడు "కార్బోహైడ్రేట్లు తగ్గించండి" అంటే అర్థం కాదు. సంగటి తినొచ్చు, అయితే ముద్ద ఎంతుండాలో మీ పిడికిలి చూపించి చెప్పండి. రాగి కాబట్టి ఎంత తిన్నా ఫరవాలేదని నమ్మేవాళ్లు చాలామంది. పక్కన ఆకుకూర పప్పు పెంచమనండి.

తిండి తినకపోతే షుగరును మరీ దించేసే గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇన్సులిన్‌లలో ఏది రాస్తున్నా ఒక్కపొద్దులుంటారా, రోజా ఉంటారా అని అడగండి. ఉంటారంటే ఆ రోజు డోసు ఏం చేయాలో విడిగా రాసివ్వాలి. చెమటలు, వణుకు, షుగరు 70 కంటే తక్కువ: మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ఇది ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ ఎక్కడ పెడతారో అడక్కుండా రాయొద్దు. ఒకదాంట్లో ఒకటి పట్టే రెండు మట్టికుండలు తీసుకుని, మధ్యలో తడి ఇసుక పోసి, లోపలి కుండలో సీసాను కవర్లో చుట్టి పెడితే అనంతపురం ఎండల్లోనూ చల్లగా ఉంటుంది. వాడటం మొదలుపెట్టిన సీసాను నెల దాటి వాడొద్దు. మూత మీద తేదీ మీరే రాసివ్వండి.

పాదాలు చూడకుండా షుగరు పేషెంటును పంపడం ఈ రొటేషన్‌లో ఒప్పుకోరు. చెప్పులు విప్పించి వేళ్ల సందులు చూడండి. మోనోఫిలమెంటు వంగేదాకా నొక్కి, కళ్లు మూయించి "తగిలిందా?" అని అడగండి. గట్టిపడిన కాయ మీద నొక్కితే స్పర్శ తెలియదు, పక్కన నొక్కాలి. చెప్పు లోపల కూడా చెయ్యి పెట్టి చూడండి. తుమ్మముల్లు గుచ్చుకుని వారమైనా తెలియని పాదాలు ఈ జిల్లాల్లో తక్కువేం కాదు.

ఒళ్లు నొప్పులు, సూది

నలభై దాటిన మనిషి నడుం పట్టేసింది, మెడ తిరగడం లేదు, కింద కూర్చుంటే లేవలేను అంటే ఏ ఊరు, ఏ నీళ్లు అని అడగండి. సీమలో బోరు నీళ్లలో ఫ్లోరైడు పాత సమస్య. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇప్పుడు ప్లాంటు నీళ్లు తాగుతున్నామంటారు. చిన్నప్పుడు ఏం తాగారన్నదే మీక్కావాలి. పళ్ల మీద గోధుమరంగు చారలు, ముందుకు వంగి కాలివేళ్లు అందుకోలేకపోవడం, గడ్డం ఎదకు ఆనకపోవడం చూడండి. ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే అనుమానం బలపడుతుంది. కాళ్లు బిగుసుకుని నడక మారితే వెన్నుపాము నొక్కుకుంటోందేమో చూడాలి, ఆ పేషెంటును అప్పుడే పంపించాలి.

"సూది వెయ్యి సామీ" అన్న అవ్వకు లెక్చరు ఇవ్వొద్దు. మాత్ర కూడా అంతే పనిచేస్తుందని, సూది వేసినచోట చీముగడ్డ కట్టే ప్రమాదం ఉందని రెండు ముక్కల్లో చెప్పి, చెయ్యి పెట్టి మోకాలు పరీక్షించండి. చెయ్యి వేసి చూసిన డాక్టర్ దగ్గర సూది కోసం పట్టుబట్టేవాళ్లు తక్కువ. గ్లూకోజు ఎక్కించమన్నా ఇదే పద్ధతి.

పిల్లలు, గర్భిణులు

దగ్గుతో వచ్చిన బిడ్డకు స్టెతస్కోపు పెట్టకముందే చొక్కా ఎత్తి, ఏడుపు ఆగాక, పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పొస్తుంది. రెండు నెలల్లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే వేగంగా ఉన్నట్టు. డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగకపోతే, మగతగా ఉంటే చేర్చుకోండి.

బేదుల బిడ్డకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఇచ్చి వదిలేయొద్దు. లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలిపి తాగించే తల్లులు ఉన్నారు. అలా తాగితే ఒంట్లో ఉప్పు ఎక్కువవుతుంది. లీటరు నీళ్ల సీసా చూపించి మీ ముందే కలపమనండి. ఆర్నెల్లు దాటినవాళ్లకు జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకు 10, పద్నాలుగు రోజులు. బేదులు ఆగినా మాత్రలు ఆపొద్దని రెండుసార్లు చెప్పండి.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే ఆస్పత్రిలో చూడాల్సిన కేసు. ఇనుము మాత్ర టీతో వేసుకుంటున్నారా, మలం నల్లగా వస్తోందని ఆపేశారా అని అడగండి. డోసు పెంచేముందు మాత్రలు నిజంగా మింగుతున్నారో లేదో తేల్చుకోవాలి. ప్రతి నెల 9న ప్రభుత్వాస్పత్రుల్లో జరిగే ఉచిత గర్భిణి పరీక్షల రోజును తర్వాతి తేదీగా రాస్తే గుర్తుంటుంది.

రాత్రి డ్యూటీ

సీనియర్‌ను ఎప్పుడు లేపాలి? పై బీపీ 90 కంటే తగ్గినా, ఊపిరి నిమిషానికి 30 దాటినా, ఆక్సిజన్ 92 కంటే పడినా, స్పృహ తగ్గుతున్నా, పెద్దవాళ్లకు మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గినా, షుగరు 70 లోపు గానీ 400 పైన గానీ ఉన్నా, మీరు ఒంటరిగా ఎప్పుడూ చేయని పని చేయాల్సొచ్చినా లేపండి. పేషెంటు మాట వినకుండా వెళ్లిపోతానంటున్నా లేపండి. ఫోన్లో ముందు ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతోంది, మీరేం చేశారు, ఇప్పుడేం కావాలి. "సార్, ఒకసారి వస్తారా?" అని ఊరుకుంటే నిద్రలో ఉన్న మనిషికి ఏమీ అర్థం కాదు.

*"గ్యాస్ పట్టింది."* ఎద మధ్యలో, గొంతులో, పొట్ట పైభాగంలో ఎక్కడ గ్యాస్ పట్టినా వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ. చెమటలు పడుతుంటే ఇంకా ముందే. షుగరున్న ముసలివాళ్లకు, ఆడవాళ్లకు నొప్పే ఉండకపోవచ్చు, ఆయాసమొక్కటే ఉంటుంది. పాంటోప్రజోల్ (గ్యాస్ మందు) ఇచ్చి తగ్గితే గ్యాసే అనుకోవద్దు. రెండో ఈసీజీ పావుగంటకు తీయండి. 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో (గుండె కింది భాగాన్ని చూపే గీతల్లో) ఎస్‌టీ భాగం పైకి లేస్తే కుడివైపు లీడు కూడా తీశాకే నైట్రేట్ (నాలుక కింద పెట్టే గుండెనొప్పి మాత్ర) ఆలోచన. కుడి జఠరిక దెబ్బతిని ఉంటే ఆ ఒక్క మాత్రకు బీపీ కుప్పకూలుతుంది. యాస్పిరిన్ 325 నమలమనండి.

*తేలు.* చెనిక్కాయ కట్టె వామి దగ్గర, రాళ్లగోడల్లో, పాత చెప్పుల్లో ఎర్రతేళ్లు. నొప్పి మాత్రమే ఉంటే అడ్రినలిన్ కలపని లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) కుట్టినచోట వేసి గమనించండి. చేతులు కాళ్లు చల్లబడి, చెమటలు, చొంగ, గుండె దడ, మగపిల్లల్లో అంగం గట్టిపడటం మొదలైతే విషం ఒళ్లంతా పాకింది. అప్పుడు నొప్పి తగ్గిపోతుంది, తల్లి "నయమైంది" అంటుంది. అక్కడే మోసపోతారు. ప్రాజోసిన్ (రక్తనాళాలను వదులు చేసే మందు) కిలోకు 30 మైక్రోగ్రాములు నోటిద్వారా ఇవ్వండి, పెద్దవాళ్లకు 500. మామూలు మాత్రే వాడాలి, నెమ్మదిగా కరిగే రకం వద్దు. మూడు గంటలకు మళ్లీ ఇచ్చి, చేతులు కాళ్లు వెచ్చబడేదాకా కొనసాగించాలి. మొదటి డోసు తర్వాత బీపీ పడుతుంది కాబట్టి బిడ్డను పడుకోబెట్టే ఉంచాలి. ఏడుస్తోందని తల్లి ఎత్తి భుజాన వేసుకోవద్దని ముందే చెప్పండి. గులాబీ నురగ, ఊపిరితిత్తుల్లో గుడగుడ వినిపిస్తే ఐసీయూ.

*పాము.* ఏ పామని వాదన పెట్టుకోవద్దు. కట్టు గట్టిగా కట్టి తెస్తే, విషానికి మందు సిద్ధం చేసుకుని లైను పెట్టాకే నెమ్మదిగా విప్పండి. రెండు మిల్లీలీటర్ల రక్తం కొత్త, పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడండి. ప్లాస్టిక్ గొట్టం, సబ్బుతో కడిగిన గొట్టం రెండూ అబద్ధం చెబుతాయి. ఎవరో మధ్యలో తీసి ఊపి చూసినా అంతే. అందుకే గొట్టం పక్కన టైమ్ రాసి ప్లాస్టర్ అంటించండి. గడ్డకట్టకపోతే విషానికి మందు పది వయల్స్ ఎక్కించండి. పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము వదిలే విషం పిల్లలని తగ్గదు. ఆ మందుకు రియాక్షన్ వస్తే వేయడానికి, ఎక్కించేముందే అడ్రినలిన్ సిరంజీలో తీసి పెట్టుకోండి, పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాము కండలోకి. ఆరు గంటలకు గొట్టం పరీక్ష మళ్లీ.

తెల్లవారుజామున నేల మీద పడుకుని లేచిన మనిషి కడుపునొప్పి, వాంతులని వచ్చి, కాసేపటికి రెప్పలు వాలుతుంటే కాటు గుర్తు వెతుక్కుంటూ కూర్చోవద్దు. కట్లపాము కాటుకు గుర్తు కనపడకపోవచ్చు. మెడ ఎత్తగలుగుతున్నారా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలుగుతున్నారు అన్నవి పావుగంటకోసారి రాయండి. ఆ అంకె తగ్గుతోందంటే వెంటిలేటర్ ఉన్నచోటికి బండి కట్టాల్సిన సమయం వచ్చినట్టు.

*పురుగుల మందు.* బట్టలు తీసి ఒళ్లు కడగడం మొదటి పని, కడిగేవాళ్లకు గ్లవ్స్. విరుగుడు అట్రోపిన్ 1.8 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఐదు నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ, ఊపిరితిత్తులు పొడిబారి, గుండె వేగం నిమిషానికి 80, పై బీపీ 80 దాటేదాకా ఇవ్వాలి. కంటిపాప ఒక్కటే చూసి ఆపేస్తే తక్కువవుతుంది. మెడికో లీగల్ నమోదు మీ పని. అయితే 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యాయత్నాన్ని తీవ్ర ఒత్తిడి కింద భావించమంటుంది. పేషెంటుకు, ఇంటివాళ్లకు "జైలు" భయం లేకుండా ఆ మాట చెప్పండి. ప్రాణం దక్కాక సైకియాట్రీ వాళ్లు చూడకుండా డిశ్చార్జి లేదు. టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబరును కాగితం మీద రాయడమే కాదు, తోడున్నవాళ్ల ఫోన్లో సేవ్ చేయించండి. ఇంట్లో మిగిలిన డబ్బా ఎక్కడుందో, దాన్ని ఎవరు తీసేస్తారో అడగండి.

పెద్దాస్పత్రికి పంపాల్సి వస్తే

"బెటర్ మేనేజ్‌మెంట్ కోసం రెఫర్" అని రాసిన చీటీ ఉన్నా లేనట్టే. ఎప్పుడు వచ్చారు, అప్పుడెలా ఉన్నారు, ఏ మందు ఎంత డోసు ఎన్నింటికి ఇచ్చారు, ఇక్కడ ఏది లేదని పంపుతున్నారు అన్నవి ఉండాలి. ఈసీజీ అసలు కాగితమే ఇచ్చి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పంపేముందు అక్కడి డ్యూటీ డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి, ఆ టైమ్ షీటులో రాయండి. పడక లేదని వెనక్కి తిప్పితే 108 బండిలో గంటలు పోతాయి. బెంగళూరుకే పోతామని కుటుంబం పట్టుబడితే, దారిలో ఏమవుతుందో చెప్పి, ఎన్టీఆర్ వైద్య సేవ (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కింద దగ్గర్లో ఎక్కడ వీలవుతుందో కౌంటరులో కనుక్కున్నాకే పంపండి.

డిశ్చార్జి

చాలామంది రెసిడెంట్లు వార్డులో కష్టపడి సాధించింది ఇక్కడ పోగొడతారు. ఇంగ్లీషు డిశ్చార్జి షీటుకు తోడు తెలుగులో పది లైన్లు మీ చేతిరాతతో ఇవ్వండి. మాత్రల పట్టీల మీద పొద్దునకు సూర్యుడు, రాత్రికి చందమామ గీయండి. చదువురాని అవ్వకు కూడా అదే అర్థమవుతుంది. పాత ఇంటి మాత్రల్లో ఏవి ఆపాలో, ఏవి కొత్తవో బల్ల మీద రెండు కుప్పలుగా పెట్టి చూపించండి. లేకపోతే అమ్లోడిపిన్ రెండు కంపెనీల పేర్లతో రెండూ మింగుతారు.

తర్వాత "అర్థమైందా?" అనొద్దు. అందరూ ఆఁ అంటారు. "ఇంటికి పోయినాక మీ కోడలికి ఎట్లా చెప్తావు అవ్వా, నాకు చెప్పు" అనండి. ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ చెప్పండి.

తిరిగి రావాల్సిన తేదీని "రెండు వారాలకు" అని వదిలేయకుండా వాళ్లు పట్నం వచ్చే సంత రోజుకు, బస్సు టైముకు కలిపి పెట్టండి. బీపీ, షుగరు మాత్రల కోసం 104 బండి (ఊళ్లు తిరిగే ప్రభుత్వ వైద్య వాహనం) ఊరికి ఏ రోజు వస్తుందో ఆశా కార్యకర్తకు ఫోన్ చేస్తే తెలుస్తుంది. ఆమె పేరు, నంబరు షీటు చివర రాయండి. మొదట్లో చెప్పిన మూడు ప్రశ్నల్లో "ఎవరు" అన్నదానికి చాలాసార్లు జవాబు ఆమే.

రెండు వారాలు దాటిన దగ్గుతో చేరినవాళ్ల కళ్లె పరీక్ష రిజల్టు రాకముందే డిశ్చార్జి అయితే, ఆ రిజల్టును ఎవరు చూస్తారో పేరుతో సహా రాయాలి. క్షయ అని తేలితే నిక్షయ్‌లో (ప్రభుత్వ క్షయ పేషెంట్ల ఆన్‌లైన్ రిజిస్టరులో) నమోదు, హెచ్‌ఐవీ, షుగరు పరీక్షలు, ఇంట్లో మిగతావాళ్లను చూడటం ఉన్నాయి. నెలకు వెయ్యి రూపాయల పోషకాహార సాయం రావాలంటే బ్యాంకు ఖాతా వివరాలు అప్పుడే తీసుకోండి.

లాగ్‌బుక్, మదింపు

లాగ్‌బుక్ (మీరు చేసిన పనుల పుస్తకం) ఏ రోజుది ఆ రోజే రాయండి. నెల చివర కూర్చుని రాసింది చూడగానే తెలిసిపోతుంది. ప్రతి ప్రొసీజరుకు చూశాను, సీనియర్ పక్కనుండగా చేశాను, ఒంటరిగా చేశాను అని మూడు గడులు. మూడో గడికి తొందరపడొద్దు. నాలుగు వారాల రొటేషన్ అయితే మొదటి వారం ఓపీలో రోజుకు ఆరేడుగురిని పూర్తిగా చూస్తే చాలు, చివరి వారానికి ఇరవై దాకా వెళ్లొచ్చు. అంకె పెరిగినా పాదాలు, తెలుగు చీటీ, మూడు జవాబులు తప్పకూడదు. సీనియర్ పక్కన కూర్చుని ఒక పేషెంటును మొత్తం చూసే మదింపులు వారానికొకటైనా అడిగి చేయించుకోండి. రెండో వారం చివర "ఏది మార్చుకోవాలి?" అని మీరే అడగండి. చివరి రోజు చెబితే మార్చుకునే టైముండదు.

డ్యూటీ అప్పగించేటప్పుడు ఎవరికి బాగాలేదు, రాత్రికి ఏం జరగొచ్చు, జరిగితే ఏం చేయాలి, ఏ రిజల్టు ఇంకా రాలేదు అన్న నాలుగూ పడక పక్కన నిలబడి చెప్పండి, వాట్సాప్‌లో పెట్టి వెళ్లిపోవద్దు. రొటేషన్ చివరి రోజున, ఇంకా తిరిగి రావాల్సిన మీ పేషెంట్ల జాబితా, పేరు, ఊరు, తేదీ, కారణంతో, తర్వాత వచ్చే రెసిడెంటు చేతికి ఇచ్చి, ఆ కాగితం కాపీ మీద వాళ్ల సంతకం తీసుకోండి. ఆ జాబితా ఇచ్చాకే యూనిట్ చీఫ్ దగ్గరికి లాగ్‌బుక్ సంతకానికి వెళ్లండి.